గుడ్డు ఊరగాయ, దాని చుట్టూ వారం రోజుల రాత్రి భోజనాలు

చిత్తూరు, తిరుపతి ప్రాంతపు ఇళ్లలో రాత్రి భోజనానికి ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి చాలా సులువైనది. సంగటి కెలికినా, అన్నం వండినా, దానికి తోడుగా ఒక పులుసో, ఎనిపిన పప్పో, చెనిక్కాయలు (వేరుశనగ) దంచి చేసే ఊరిబిండో ఉంటే భోజనానికి లోటుండదు. అయితే సాయంత్రం ఆలస్యంగా ఇల్లు చేరి ఏడున్నరకు పొయ్యి వెలిగించేవారికి అన్నమో సంగటో వండడం పెద్ద కష్టం కాదు. రోజుకొక తోడు వంటకాన్ని ఆలోచించి, తరిగి, తాలింపు పెట్టి దించడమే కష్టం. ఆదివారం నాడు గంటన్నర సమయం పెట్టుకొని గుడ్డు ఊరగాయ చేసి ఫ్రిజ్‌లో ఉంచుకుంటే, తర్వాతి నాలుగైదు రాత్రుల పని సగం తగ్గుతుంది. మాంసం ఊరగాయలంత ఖర్చు లేదు, కూరగాయల ధరతో సంబంధం లేదు, పిల్లలు వద్దనరు.

మొదలుపెట్టే ముందు ఒక్క విషయం మనసులో నాటుకోవాలి. గుడ్డు ఊరగాయ ఆవకాయ వంటిది కాదు. మామిడికాయలో పులుపు కాయలోనే ఉంటుంది, దానికి ఉప్పు, ఆవపిండి, నూనె తోడై ఏడాది పాటు జాడీలో నిలుస్తుంది. గుడ్డులో పులుపు లేదు; పైపెచ్చు తెల్లసొనది క్షార స్వభావం, పచ్చసొన చిక్కగా, కొవ్వుతో నిండి ఉంటుంది. కాబట్టి మనం పోసే నిమ్మరసమో వెనిగరో బయటి నుంచి లోపలికి మెల్లగా ఇంకాలి, అంతవరకు గుడ్డు నడిమి భాగం మామూలు ఉడికించిన గుడ్డుగానే ఉంటుంది. అందువల్ల ఈ ఊరగాయకు అలమారలో చోటు లేదు, దాని చోటు ఫ్రిజ్‌లోనే. ఈ మాటను తర్వాత మరికొంత వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ వంటలో రుచి కంటే ముందు చూసుకోవలసింది అదే.

గుడ్ల ఎంపిక, ఉడికించే తీరు

మన ప్రాంతంలో గుడ్లకు కొదువ లేదు. నెక్ అనే పేరుతో అందరికీ తెలిసిన జాతీయ గుడ్ల సమన్వయ సంఘం రోజూ ప్రకటించే ధరల పట్టికలో చిత్తూరు కూడా ఒక కేంద్రం. ఊరగాయకు ఫారం గుడ్లయినా నాటుకోడి గుడ్లయినా పనికివస్తాయి గానీ, నా ఉద్దేశంలో నాటు గుడ్లను ఊరగాయకు వాడడం వృథా. వాటి ప్రత్యేకమైన రుచి కారంలోనూ పులుపులోనూ కనబడకుండా పోతుంది, వాటిని పులుసుకే ఉంచుకోవడం మంచిది.

గుడ్లు మరీ తాజావి కాకుండా, కొని ఐదారు రోజులైనవి అయితే పెంకు చక్కగా ఊడివస్తుంది. గుడ్డు పెట్టిన నాటి నుంచి పెంకులోని సూక్ష్మ రంధ్రాల గుండా బొగ్గుపులుసు వాయువు బయటికి పోతూ ఉంటుంది, దానివల్ల తెల్లసొన క్షారగుణం పెరిగి లోపలి పొర దానికి అతుక్కోవడం తగ్గుతుంది. గుడ్డు వయసు తెలుసుకోవడానికి గిన్నెడు నీళ్లలో వేసి చూడండి. అడుగున పడుకుంటే తాజాది, నిలబడితే కొంచెం పాతది, పైకి తేలితే దాన్ని పారవేయవలసిందే. పగుళ్లు ఉన్న గుడ్డును ఊరగాయకు ఎంత మాత్రం తీసుకోకూడదు. కొనగానే గుడ్లను కడిగి పెట్టే అలవాటు కొందరికి ఉంది. అలా కడిగితే పెంకు మీది సహజమైన రక్షణ పూత పోతుంది, కాబట్టి ఉడికించబోయే ముందు మాత్రమే కడగండి.

నీళ్లు బాగా మరిగిన తర్వాత గుడ్లను గరిటెతో ఒక్కొక్కటిగా దింపి, సెగ తగ్గించి, 12 నిమిషాలు ఉంచి, వెంటనే చన్నీళ్లలోకి మార్చండి. చన్నీటితో మొదలుపెట్టిన గుడ్డు కంటే మరిగే నీటిలో దింపిన గుడ్డుకు పెంకు తేలికగా వస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన గుడ్లను నేరుగా వేస్తే పగులుతాయి గనుక కాసేపు బయట ఉంచాలి. ఎక్కువసేపు ఉడికిస్తే పచ్చసొనలోని ఇనుము, తెల్లసొనలోని గంధకం కలిసి పచ్చసొన చుట్టూ ఆకుపచ్చని వలయం ఏర్పడుతుంది; అది హానికరం కాదు గానీ ఊరగాయ కోసినప్పుడు చూడడానికి బాగుండదు. వెడల్పాటి కొనలో గాలి గది ఉంటుంది, పెంకు తీయడం అక్కడి నుంచి మొదలుపెట్టి, కొళాయి ధార కింద ఒలిస్తే తెల్లసొన చిట్లకుండా వస్తుంది.

నూనె, నిమ్మరసాలతో పెట్టే ఊరగాయ

నూనె ఊరగాయకు చాలామంది ఉడికించిన గుడ్లను నిలువుగా గాట్లు పెట్టి నూనెలో వేయిస్తారు. వాటి కంటే, గిలకొట్టిన గుడ్లను ఆవిరి మీద ఉడికించి, ముక్కలు కోసి, వేయించి పెట్టే పద్ధతినే నేను గట్టిగా సమర్థిస్తాను. దీనికి రెండు కారణాలున్నాయి. గుండ్రటి గుడ్డును వేయించేటప్పుడు లోపల చిక్కుకున్న ఆవిరి ఒక్కసారిగా పేలి నూనె ముఖం మీదికి చిమ్మే ప్రమాదం ఉంది, ముక్కల్లో అది దాదాపుగా ఉండదు. అంతకంటే ముఖ్యంగా, చిన్న ముక్కకు ఆరు వైపుల నుంచి నిమ్మరసం, ఉప్పు, కారం అందుతాయి, కాబట్టి మరునాటికే లోపలిదాకా రుచి పడుతుంది.

పది గుడ్లకు కొలతలు ఇవి. చెనిక్కాయ నూనె పావు లీటరు, మిరపపొడి ఐదు పెద్ద చెంచాలు, ఉప్పు రెండు పెద్ద చెంచాలకు కొంచెం తక్కువ, ధనియాల పొడి ఒక పెద్ద చెంచా, దోరగా వేయించి పొడి చేసిన ఆవాలు ఒక పెద్ద చెంచా, అదే విధంగా చేసిన మెంతిపొడి అర టీ చెంచా, పసుపు అర టీ చెంచా, అల్లం తెల్లగడ్డ (వెల్లుల్లి) ముద్ద రెండు పెద్ద చెంచాలు, ఒలిచిన తెల్లగడ్డ పాయలు పదిహేను, లవంగాలు నాలుగు, అంగుళం దాల్చిన చెక్క, రెండు రెమ్మల కరివేపాకు, ఐదారు నిమ్మకాయల రసం. నిమ్మకాయలు గూడూరు వైపు నుంచి వచ్చే పలుచని తొక్క గలవైతే రసం ఎక్కువ వస్తుంది. మొత్తం మీద సుమారు 100 మిల్లీలీటర్ల రసం ఉండాలి, కాయలు చిన్నవైతే మరొకటి రెండు పిండుకోవాలి. నిమ్మరసం ఇక్కడ రుచి కోసం మాత్రమే కాదు, ఊరగాయ నిలవకు కూడా అదే ఆధారం, కాబట్టి పులుపు ఎక్కువైందని దీన్ని తగ్గించకండి.

గుడ్లను ఒక గిన్నెలోకి పగలగొట్టి, అర టీ చెంచా ఉప్పు, చిటికెడు పసుపు, కొంచెం మిరియాల పొడి వేసి, నురగ రాకుండా చెంచాతో నిదానంగా కలపండి. నురగ లేస్తే ఉడికిన తర్వాత ముక్క నిండా గాలి బుడగలు ఉండి, నూనె పీల్చుకుంటుంది. అడుగు సమంగా ఉన్న స్టీలు గిన్నెకు లోపల నూనె రాసి, ఈ మిశ్రమాన్ని అంగుళం మందాన పోసి, ఇడ్లీ పాత్రలో పెట్టి, పైన మూత నుంచి ఆవిరి నీళ్లు కారి పడకుండా ఒక పళ్లెం బోర్లించి, మధ్యస్థమైన సెగ మీద 15 నుంచి 20 నిమిషాలు ఉడికించండి. నడుమ కత్తి గుచ్చితే తడి అంటకుండా రావాలి. పూర్తిగా చల్లారాక అంచుల వెంట కత్తి తిప్పి పళ్లెంలోకి బోర్లించి, ముప్పావు అంగుళం ముక్కలుగా కోయండి. వేడి మీద కోస్తే ముక్కలు విరుగుతాయి. కోసిన ముక్కలను శుభ్రమైన పొడి గుడ్డ మీద పరచి, పైన మరొక గుడ్డతో అద్ది, తడి పోయేదాకా ఒక పావుగంట ఫ్యాను కింద ఉంచండి.

నూనె మధ్యస్థంగా కాగాక ముక్కలను కొన్ని కొన్నిగా వేయండి. వేసిన వెంటనే ముక్క చుట్టూ బుడగలు దట్టంగా వస్తాయి, ముక్క ఉబ్బి దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. ఒక నిమిషం తర్వాత బుడగలు పలుచబడి, అంచులు లేత బంగారు రంగులోకి తిరిగి, పైన సన్నని పొర కట్టినట్టు కనబడుతుంది. సరిగ్గా అప్పుడే తీయాలి. ఇంకా ఎర్రబడనిద్దామని ఉంచితే లోపలి తేమ పోయి ముక్క రబ్బరులా సాగుతుంది, ఎన్ని రోజులు ఊరినా మెత్తబడదు. తీసిన ముక్కలు చల్లారే కొద్దీ మళ్లీ మామూలు పరిమాణానికి దిగుతాయి, అందుకు కలవరపడనవసరం లేదు.

అదే నూనెను వడకట్టి, మళ్లీ పొయ్యి మీద పెట్టి, లవంగాలు, చెక్క, కరివేపాకు వేసి చిటపటలాడాక, అల్లం తెల్లగడ్డ ముద్దను వేసి సన్నని సెగ మీద ఓపికగా వేయించండి. మొదట అది నూనెలో చిందుతూ ఉంటుంది. తడి ఇగిరిపోయాక ఆ చప్పుడు ఆగి, ముద్ద విడివిడిగా రవ్వలా మారి, పచ్చి వాసన పోతుంది. ఒలిచిన తెల్లగడ్డ పాయలను కూడా అప్పుడే వేసి, అవి మెత్తబడి రంగు తిరిగేవరకు ఉంచి, పొయ్యి ఆపండి. ఐదు నిమిషాలు ఆగి, నూనె వేడి కాస్త తగ్గాక పసుపు, మిరపపొడి, ధనియాల పొడి వేసి కలపండి. మరీ వేడి నూనెలో మిరపపొడి వేస్తే మాడి నల్లబడి ఊరగాయంతా చేదెక్కుతుంది, పూర్తిగా చల్లారాక వేస్తే పచ్చి కారం వాసన వస్తుంది. చిటికెడు పొడి చల్లి చూస్తే నల్లబడకుండా సన్నగా నురగ కడితే అదే తగిన వేడి. ఆ తర్వాత ఉప్పు, ఆవపొడి, మెంతిపొడి, వేయించిన గుడ్డు ముక్కలు వేసి కలిపి, గిన్నె పూర్తిగా చల్లారాకనే నిమ్మరసం పోయాలి. వేడి మీద నిమ్మరసం పోస్తే చేదు వస్తుంది.

ఇంట్లో మరలో ఆడించుకున్న మిరపపొడి కారం ఎక్కువగా ఉంటే ఐదు చెంచాలకు బదులు నాలుగు చాలు, రంగు కోసం ఒక చెంచా బ్యాడిగి మిరపపొడి కలుపుకోవచ్చు. రక్తపోటు ఉన్నవారు ఇంట్లో ఉంటే పది గుడ్ల లెక్కలో ఉప్పును ఒకటిన్నర పెద్ద చెంచాకు తగ్గించి, మూడు నాలుగు రోజుల్లోనే ముగించేలా ఐదు గుడ్లతో సగం కొలతలకు పెట్టుకోవడం మంచిది.

వెనిగర్‌లో ఊరబెట్టే గుడ్లు

ఈ పద్ధతి మన వంటిళ్లకు కొత్త. అమెరికా, ఐరోపా దేశాల్లో చాలా కాలంగా ఉన్నదే అయినా, మన సంగటికీ చారుకూ నూనె ఊరగాయ దగ్గర కాగలిగినంతగా ఇది కాలేదు. అయితే నూనె ఏమీ లేకపోవడం, ఫ్రిజ్‌లో ఎక్కువ కాలం నిలవడం దీనిలోని మేళ్లు.

ఇందులో అందరూ గమనించవలసింది వెనిగర్ గాఢత. విదేశీ కొలతలన్నీ 5 శాతం ఆమ్లం ఉన్న వెనిగర్‌ను దృష్టిలో పెట్టుకొని రాసినవి, వాటిలో సగం దాకా నీళ్లు కలపమని కూడా కొన్ని చెబుతాయి. మన కిరాణా కొట్లలో దొరికే తెల్ల వెనిగర్ చాలావరకు 4 శాతం ఆమ్లం గలది. సీసా మీది చీటీ చదివి, 4 శాతం అని ఉంటే ఒక్క చుక్క నీళ్లు కూడా కలపకుండా వాడండి. పులుపు గట్టిగా అనిపిస్తే నీళ్లతో కాకుండా చక్కెరతోనో చిత్తూరు బెల్లంతోనో మెత్తబరచుకోవాలి.

చిన్న సైజు గుడ్లు పన్నెండు ఉడికించి, ఒలిచి, పొడి గుడ్డతో తుడిచి, మరిగే నీళ్లతో కడిగి ఆరబెట్టిన లీటరుకు పైబడిన గాజు సీసాలో పేర్చండి. 600 మిల్లీలీటర్ల వెనిగర్, ఒక పెద్ద చెంచా ఉప్పు, రెండు పెద్ద చెంచాల బెల్లం పొడి, ఒక చెంచా ఆవాలు, పదిహేను మిరియాలు, నాలుగు ఎండుమిరపకాయలు, చక్రాలుగా కోసిన ఒక ఎర్రగడ్డ (ఉల్లిపాయ), కావాలంటే నాలుగైదు బీట్‌రూట్ ముక్కలు స్టీలు గిన్నెలో వేసి ఐదు నిమిషాలు మరిగించి, వేడి వేడిగా గుడ్ల మీద పోయండి. గుడ్లన్నీ పూర్తిగా మునగాలి. అల్యూమినియం, రాగి, ఇత్తడి పాత్రలను ఈ పనికి వాడకూడదు, ఆమ్లం లోహాన్ని తింటుంది. చల్లారగానే మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే చిన్న గుడ్లకు ఒకటి రెండు వారాలు, పెద్ద గుడ్లకు రెండు నుంచి నాలుగు వారాలు ఊరడానికి పడుతుంది. బీట్‌రూట్ వేసిన సీసాలోని గుడ్డును వారం తర్వాత కోసి చూస్తే, అంచున ముదురు గులాబీ రంగు, దాని లోపల లేత గులాబీ, ఇంకా లోపల తెలుపు, నడుమ పసుపు పచ్చని సొన వలయాలుగా కనబడతాయి. గుడ్డులోకి ఏదైనా ఎంత నిదానంగా ఇంకుతుందో ఆ వలయాలే చూపుతాయి. ఇలా పెట్టిన గుడ్లను ఫ్రిజ్‌లోనే ఉంచి మూడు నాలుగు నెలల్లోపు వాడేయాలి.

గుడ్డుకు పుల్లలతో, సూదులతో చిల్లులు పొడిస్తే పులుపు త్వరగా పడుతుందని కొందరు చెప్పే మాటను దయచేసి పాటించకండి. 1997లో అమెరికాలోని ఇల్లినాయిస్ రాష్ట్రంలో ఒక పెద్దాయన ఇంట్లో ఊరబెట్టిన గుడ్లు తిని బాటులిజం అనే ప్రాణాంతకమైన వ్యాధికి గురయ్యాడు. ఆ గుడ్లను పుల్లలతో పొడిచి, ఫ్రిజ్ బయట ఉంచారు. పైనున్న ద్రవం తగినంత పుల్లగానే ఉన్నా పచ్చసొనకు ఆ పులుపు చేరలేదు. పొడిచినప్పుడు లోపలికి వెళ్లిన సూక్ష్మజీవికి గాలి అందని, పులుపు లేని, వెచ్చని చోటు దొరికింది, అది అక్కడే విషాన్ని తయారుచేసింది. ఈ సూక్ష్మజీవి ఉనికిని వాసనతో గాని రుచితో గాని కనిపెట్టలేం. ఇంట్లో పెట్టిన గుడ్డు ఊరగాయను గది వేడిమిలో నిలవ ఉంచడానికి నమ్మదగిన పద్ధతి ఏదీ లేదని ఆహార భద్రతా నిపుణులు చెప్పడానికి కారణం ఇదే.

నూనె ఊరగాయకూ ఇదే వర్తిస్తుంది. పైన నూనె తేలి ఉంది గనుక చెడదు అనే నమ్మకం ఆవకాయ దగ్గర నుంచి వచ్చినది, గుడ్డు దగ్గర అది చెల్లదు. గాలిని అడ్డుకునే నూనె పొర ఆ సూక్ష్మజీవికి మేలే చేస్తుంది, నూనెలో ఉన్న తెల్లగడ్డ పాయలు కూడా బయట ఉంచితే అదే ప్రమాదానికి తావిస్తాయి. కాబట్టి నూనె ఊరగాయను చల్లారిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి, వారంలోపు ముగించండి. ఒక్కసారికి పది గుడ్లకు మించి పెట్టకపోవడం నలుగురున్న ఇంటికి సరిపోయే లెక్క. భోజనానికి కావలసినంత మాత్రమే పొడి చెంచాతో చిన్న గిన్నెలోకి తీసుకొని, సీసాను వెంటనే లోపల పెట్టాలి. పళ్లెం పక్కన సీసాను పెట్టుకొని కబుర్లు చెప్పుకుంటూ తినే అలవాటు ఈ ఊరగాయకు పనికిరాదు. రెండు గంటలకు మించి బయట ఉండిపోయినది తినకూడదు, తిరుపతి ఎండాకాలంలో ఆ గడువు ఒక గంటే. కరెంటు పోయి ఫ్రిజ్ చాలాసేపు ఆగిపోతే, పదిగుడ్ల ఖర్చు కోసం సందేహించకుండా పారవేయండి.

ఇక రాత్రి భోజనాలు

మొదటి రాత్రి సంగటితోనే మొదలుపెట్టండి. అర గ్లాసు నూకలను నాలుగు గ్లాసుల నీళ్లలో మెత్తగా ఉడకనిచ్చి, గంజి ఇంకా మిగిలి ఉండగానే ఒక గ్లాసు రాగిపిండిని నడుమ కుప్పగా పోసి, కలపకుండా, కట్టెతో కుప్ప మధ్యలో ఒక గుంత చేసి, మూత పెట్టి, సన్నని సెగ మీద ఎనిమిది పది నిమిషాలు ఉంచండి. గంజి ఆ గుంతలోంచి పైకి ఉబుకుతూ పిండిని ఉడికిస్తుంది. దించి, గిన్నెను గుడ్డతో గట్టిగా పట్టుకొని, సంగటి కట్టెతో అంచుల నుంచి లోపలికి కెలకండి. ఉండలు కట్టెకూ గిన్నెకూ మధ్య నలిగి పోవాలి. తడి చేత్తో ముద్ద చేసి చూస్తే చేతికి అంటకపోతే ఉడికినట్టు.

సంగటిని నమలరు, పులుసులో ముంచి మింగుతారు. అందువల్ల ముద్దగా ఉండే ఊరగాయ ఒక్కటే పక్కన పెట్టుకుంటే సంగటి గొంతు దిగదు, జారే పదార్థం ఏదో ఒకటి కావాలి. ఇక్కడే సీసాలోని ఊరగాయ అసలైన ఉపయోగం తెలుస్తుంది. ఊరగాయ నూనె రెండు చెంచాలు బాణలిలో వేసి, సన్నగా తరిగిన ఎర్రగడ్డ ఒకటి, మదనపల్లె టమోటాలు రెండు మగ్గనిచ్చి, నిమ్మకాయంత చింతపండు పిసికిన పులుసు పోసి, ఎనిమిది పది గుడ్డు ముక్కలు, రెండు చెంచాల ఊరగాయ ముద్ద వేసి పది నిమిషాలు మరిగిస్తే గుడ్డు పులుసు సిద్ధమవుతుంది. మసాలా వేయించే పని ఆదివారమే అయిపోయింది కాబట్టి ఇందులో వేరే కారం గాని, తెల్లగడ్డ గాని అక్కరలేదు. ఉప్పు మాత్రం చివర్లో రుచి చూసి వేయండి, ఊరగాయలోనే సరిపడా ఉంటుంది.

రెండో రాత్రికి వేడి అన్నం, పెసరపప్పు చారు. ఊరగాయ కారంగా, పుల్లగా ఉంటుంది గనుక పప్పులో చింతపండు వేయకుండా, టమోటా ఒకటి, జీలకర్ర, కరివేపాకు తాలింపుతో పలుచగా, చప్పగా ఉంచితేనే రెండూ కలుస్తాయి. తోటకూర దొరికితే దాన్ని కందిపప్పుతో ఉడికించి పప్పుగుత్తితో ఎనిపి పెట్టుకోవచ్చు. పుల్లని కూర, పుల్లని చారు, పుల్లని ఊరగాయ ఒకే పూట పెట్టుకుంటే ఏ ఒక్క రుచీ తెలియదు.

చపాతీల రాత్రికి వెనిగర్ గుడ్లను బయటికి తీయండి. రెండు గుడ్లను చక్రాలుగా కోసి, సన్నగా తరిగిన ఎర్రగడ్డ, కీరా, కొత్తిమీర, మిరియాల పొడి చల్లి, చపాతీలో చుట్టి ఇస్తే పిల్లలు ఇష్టంగా తింటారు. పక్కన గట్టి పెరుగు ఉంటే వెనిగర్ ఘాటు తగ్గుతుంది. దోసె పిండి మిగిలిన రోజున గుంతపొంగణాలు పోసి, ఒక్కొక్క గుంతలో పిండి మధ్య ఒక నూనె ఊరగాయ ముక్క పెట్టి పైన మళ్లీ పిండి వేసి కాల్చుకుంటే వాటికి వేరే చట్నీ అక్కరలేదు. ముక్కతో పాటు ముద్ద ఎక్కువ వెళ్తే గుంతలో అంటుకుంటుంది, ముక్కను కొంచెం విదిలించి పెట్టాలి.

సంక్రాంతి ముందు వెనుకల అనపకాయలు వచ్చే కాలంలో మాత్రం గుడ్డు ఊరగాయను కొంచెం పక్కన పెట్టమని నా సలహా. అనపగింజలను రాత్రంతా నానబెట్టి, వేళ్ల మధ్య ఒత్తి తొక్క నుంచి పప్పు జారేలా పితికి, ఆ పితికిపప్పుతో పులుసు పెట్టుకొని సంగటితో తినే అవకాశం ఏడాదిలో కొద్ది వారాలే ఉంటుంది. ఆ పులుసు ముందు ఏ ఊరగాయ అయినా అడ్డే.

మన ప్రాంతంలో శనివారాలు, ముఖ్యంగా తమిళ పంచాంగపు పెరటాసి నెల శనివారాలు గుడ్డు ముట్టని ఇళ్లు చాలా ఉన్నాయి. ఆ రాత్రికి ఊరిబిండి చేసుకోవచ్చు. పావుకిలో చెనిక్కాయ విత్తనాలను దోరగా వేయించి పొట్టు చెరిగి, వేయించిన ఎండుమిరపకాయలు, కొంచెం చింతపండు, తెల్లగడ్డ, ఉప్పు వేసి రోట్లో బరకగా దంచి, చివర ఒక ఎర్రగడ్డ వేసి కచ్చాపచ్చాగా నలిపితే చాలు. ఇంట్లో గుడ్డు తినని పెద్దలు ఉంటే గుడ్డు ఊరగాయ సీసాను ఫ్రిజ్‌లో కింది అరలో విడిగా, దాని చెంచాను కూడా వేరుగా ఉంచడం మర్యాద. అలాగే దర్శనానికి వచ్చిన బంధువులకు దారిలో తినడానికి భోజనం కట్టి ఇచ్చేటప్పుడు ఈ ఊరగాయను అందులో పెట్టకండి. తిరుమల కొండ మీదికి గుడ్డు, మాంసం తీసుకువెళ్లడం నిషిద్ధం, అలిపిరి దగ్గర తనిఖీలో సంచులు విప్పి చూస్తారు.

వారాంతానికి సీసాలో ముక్కలు అయిపోయి ముద్ద, నూనె మాత్రమే మిగులుతాయి. దాన్ని పారవేయడం అన్యాయం. వారం గడువు దాటకముందే, ఉడికించి చల్లార్చిన అన్నంలో రెండు చెంచాల ముద్ద, వేయించిన చెనిక్కాయ విత్తనాలు, పచ్చి ఎర్రగడ్డ ముక్కలు, కొత్తిమీర కలిపితే కారపు చిత్రాన్నం అవుతుంది. బాణలిలో రెండు నిమిషాలు వేడి చేసి, పైన ఒక గుడ్డు పగలగొట్టి పొరటు చేసుకుంటే ఇంకా నిండుగా ఉంటుంది. అయితే ఆ మిగిలిన ముద్దలో కొత్తగా వేయించిన గుడ్డు ముక్కలు వేసి మరో వారం నడపకూడదు, అలాగే గుడ్లు అయిపోయిన సీసాలోని వెనిగర్‌లో మళ్లీ గుడ్లు వేయకూడదు. మొదటి గుడ్లు దానిలోని పులుపును కొంత లాగేసుకొని ఉంటాయి, రెండోసారి వేసిన వాటిని కాపాడే బలం దానికి ఉండదు. సీసాను ఖాళీ చేసి, వేడి నీళ్లతో కడిగి, ఎండలో బోర్లించి, తడి పూర్తిగా ఆరాక తర్వాతి ఆదివారానికి కొత్తగా పెట్టుకోండి.